తొమ్మిదీ ముప్పై ఒకటి

ప్యాసింజరు గుంతకల్లు యార్డు దాటి ఎర్రనేలల్లోకి వచ్చేసరికి పదీ పది అయింది. కృపాకుమారికి కిటికీ పక్కన సీటు దొరికింది. దొరక్కపోయినా బాగుండేది, నిలబడి ఉంటే కాళ్లు పీకి మనసు కాస్త ఊరుకునేది. రాయలచెరువుకు గంటకు పైనే పడుతుంది, ఆ లోగా మాట కుదుర్చుకోవాలి. తిమ్మన్నా, ఆ రోజు తప్పు నీది కాదు. ఇది మొదటి వాక్యం. పొద్దున జడ వేసుకుంటూ నాలుగుసార్లు అనుకుంది, నాలుగుసార్లూ తడబడకుండా వచ్చింది. తప్పు నాది. ఇది రెండోది, ఇదీ చెప్పగలదు, తప్పు నాది అనడంలో ఒక పెద్దరికం కూడా ఉంటుంది, విన్నవాళ్లు అయ్యో పోనీలే అంటారు. మూడోదే గొంతు దాటడం లేదు. ఆ సంగతి నాకు రెండేళ్లుగా తెలుసు. దాని దగ్గరికి వచ్చినప్పుడల్లా మనసు పక్కకు తప్పుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఒక్క పదును వాన పడితే చాలు విత్తేద్దామని దున్ని పెట్టుకున్న చేలు, గట్ల మీద గొర్రెలు, గొర్రెల వెనక గొడుగు వేసుకుని నిలబడ్డ మనిషి, దూరంగా గాలిమరల రెక్కలు. జూన్ పదిహేను దాటింది. అప్పుడూ జూన్ నెలే.

తిమ్మన్నది యాడికి. ఐదేళ్లు ఆమె కింద పనిచేశాడు. కింద అని అతనే అనేవాడు, ఆమె పక్కన అని దిద్దేది, దిద్దడం సులువు, జీతం పెరిగినప్పుడు, బెంగళూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఎవరు ఎవరి కింద ఉన్నారో ఇద్దరికీ తెలుసు. కంపెనీ బెంగళూరులో, ఆమె గుంతకల్లులో రైల్వే క్వార్టర్ల వెనక మేడ మీద, అతను యాడికిలో రేకుల కప్పు కింద టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని. లాక్‌డౌన్‌లో ఇళ్లకు వచ్చినవాళ్లు అట్లాగే ఉండిపోయారు. డేటాబేసులు ఉండే యంత్రాలు కూడా ఎవరి కళ్ల ముందూ లేవు, ముంబైలో ఎక్కడో పెద్ద కొట్టంలో అద్దెకు తీసుకున్న వర్చువల్ మెషీన్లు. యంత్రం ఒకచోట, దానికి తగిలించిన డిస్కు ఇంకోచోట, మధ్యలో తీగ. మెదడు ఈడ, కడుపు ఆడ, నవ్వేవాడు తిమ్మన్న. నవ్వితే పై పెదవి ఒకవైపే లేచేది. ఆ ముఖం ఇప్పుడు ఎట్లా ఉంటుందో. గడ్డం పెంచాడని ఎవరో అన్నారు. మోటార్ల వైండింగ్ షాపు పెట్టుకున్నాడని మాత్రం గట్టిగా తెలుసు, యాడికి బస్టాండు పక్కన, బోర్ల మోటార్లు కాలిపోతే రాగి తీగ మళ్లీ చుట్టి ఇస్తాడట. కంప్యూటర్ ముట్టడట.

రెండేళ్ల కిందట ఆ జూన్‌లో వాళ్లు చూసుకుంటున్నది విత్తన వేరుశనగ పంపిణీ. రైతు సంఘాల సమాఖ్య ఒకటి తన సభ్యులకు విత్తనం ఇస్తోంది, ఆ లెక్కల ప్రోగ్రాం వీళ్లది. సెంటర్ దగ్గర రైతు వేలిముద్ర వేస్తాడు, తిమ్మన్న రాసిన క్వెరీ, అంటే డేటాబేసును అడిగే ప్రశ్న, నడిచి పేరు, పొలం, పోయినేడు తీసుకున్న మూటలు అన్నీ తేవాలి, టోకెన్ రావాలి, అప్పుడు కాటా దగ్గరికి పోవాలి. ఒక్కొక్కరికి నాలుగు సెకన్లు. తొమ్మిదికి మొదలుపెడితే తొమ్మిదిన్నర దాకా నీళ్లు పారినట్టు సాగేది. ఆ తర్వాత నాలుగు సెకన్లు నలభై అయ్యేవి, నలభై నూట ఇరవై అయ్యేవి, తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. మర్నాడు పొద్దున మళ్లీ మామూలే, మళ్లీ తొమ్మిదిన్నరకు పడుకునేది. ఉరవకొండ సెంటర్లో రెండో రోజుకే క్యూ రోడ్డెక్కింది. అంతకుముందు రోజు సాయంత్రం మంచి వాన పడింది, తడి ఆరేలోగా గింజ భూమిలో పడాలి, అందరికీ అదే తొందర.

బెంగళూరు నుంచి గంగాధర్ గారు, ఇద్దరికీ పైన మేనేజరు, మూడో రోజు పొద్దున తిమ్మన్నను ఉరవకొండకు పోయి చూడమన్నాడు. తిమ్మన్న పోయి చూసి అక్కడి నుంచే ఆమెకు ఫోన్ చేశాడు, వెనక జనం గోల, ఎవరో పసిబిడ్డ ఏడుపు. "అక్కా, క్వెరీలో ఏమీ ల్యా. అదే క్వెరీ తొమ్మిదింటికి ఉరుకుతాంది, పదింటికి పాకుతాంది. రాసింది మారల్యా గదా. నాకు డిస్కు మీద అనుమానముండాది. మా బోరు మాదిరే చేస్తాంది అక్కా, అరగంట బాగా పోస్తాది, ఆపైన గాలి కక్కుతాది." ఆమె నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు రైలు చప్పుడులో కూడా వినపడుతోంది, చిన్నదే, ముక్కుతో నవ్వింది, బోరుకూ డిస్కుకూ సంబంధమేమిటి తిమ్మన్నా, గ్రాఫు నా ముందే ఉంది, డిస్కు ముప్పై శాతమే వాడుతోంది, డెబ్బై శాతం ఖాళీ, నువ్వు రాసిన క్వెరీ రైతుల పట్టిక మొత్తం తోడుతోంది చూసుకో, అంది. "సరే అక్కా, నువ్వు చెప్తాండావు గదా," అన్నాడు. ఆ తర్వాత, పెట్టేసే ముందు, "నిమిషం నిమిషం రాసి పెట్నా, కంప్లయింటు టికెట్టుకు ఫైలు తగిలిస్తా, ఒకసారి చూడు," అన్నాడు. చూస్తాలే అంది.

చూడలేదు. మొత్తం కథ ఈ ఒక్క మాటలో ఉంది.

ముప్పై శాతం. ఎన్నిసార్లు ఈ అంకె చుట్టూ తిరిగిందో ఈ వారంలో. అది అబద్ధం కూడా కాదు. ఆ రకం చిన్న డిస్కు పని లేని వేళల్లో వేగాన్ని దాచుకుంటుంది, పని పడినప్పుడు ఆ దాచుకున్నదాంతో అరగంట సేపు పెద్ద డిస్కులా పరిగెడుతుంది, అది అయిపోగానే తన అసలు నడకకు పడిపోతుంది. గ్రాఫు పోల్చి చూపించింది ఆ పరుగుతో. పరుగు నూరైతే నడక ముప్పై. ముప్పై వాడుతోందంటే డెబ్బై మిగిలి ఉందని ఆమె చదువుకుంది, ముప్పైకి మించి ఇవ్వడం లేదని చదువుకోవాల్సింది. పక్కనే ఇంకో గ్రాఫు ఉంది, డిస్కును చదివే ఒక్కో రీడ్‌కు ఎంతసేపు పడుతోందో చెప్పేది, రెండు క్లిక్కుల దూరం. వరుసలో ఎన్ని రీడ్లు ఆగి ఉన్నాయో చెప్పేది మరొకటి. క్లిక్ చేయలేదు. ఎందుకు చేయలేదంటే, ఇక్కడికి వచ్చేసరికి కృపాకుమారి కళ్లు మూసుకుంటుంది, ఎందుకంటే ఆ డిస్కును ఎంచింది తనే. మొదట్లో, ఆ జూన్‌కు ఆరు నెలల ముందు, ఇంత చిన్నది సరిపోతుందా అని సంతకం పెట్టే ముందు తిమ్మన్న అడిగితే, విత్తనాలు ఏడాదికి నెల రోజులే కదా, చాలు అని తనే అంది. డిస్కు బాగుంది అని తేలితే తను బాగుంది. అప్పుడు ఇంత స్పష్టంగా అనుకోలేదు. ఇంత స్పష్టంగా ఎవరూ అనుకోరు, చెయ్యి దానంతటదే ఇంకో వైపుకు పోతుంది.

"ఎవురింటికమ్మా?" అంది ఎదుటి సీటులో ఆమె. ఒళ్లో గంప, గంప మీద తడిగుడ్డ, గుడ్డ కింద కరివేపాకు వాసన. గుంతకల్లులో ఎక్కినప్పుడే పేరు లక్ష్మీదేవి అని, తాడిపత్రికి పోతున్నానని, కూతురికి కాన్పయిందని చెప్పేసింది.

"తెలిసినోళ్లమ్మా. యాడికిలో."

"చుట్టాలా?"

"కాదు. నాతో పనిచేసినాయన."

"ఏమన్నా కష్టమా? మొగం అట్లుండాది."

కృపాకుమారి లేదన్నట్టు తల ఊపింది. లక్ష్మీదేవి బయటికి చూసి, ఈ తట్టు ఒక్క చినుకు పడల్యా చూడు, ఉరవకొండ పక్క బాగా పడిందంట, అంది. ఉరవకొండ పేరు వినగానే కృపాకుమారి బ్యాగు ఒళ్లోకి లాక్కుంది.

నాన్న ఉంటే ఏమనేవాడు. ఇమ్మానుయేల్, గుంతకల్లు డీజిల్ షెడ్డులో ముప్పై రెండేళ్లు ఫిట్టరు. ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడు కూడా షెడ్డు ముందు ఆగి చెవి పెట్టేవాడు. ఇంజన్ ఆగిపోయిందంటే అందరూ అదీ ఇదీ అంటుండేవాళ్లు, ఆయన ఏమీ అనకుండా ఇనుప కడ్డీ ఒక కొస ఇంజన్‌కు ఆనించి, రెండో కొస చెవికి ఆనించి, ఒక్కో చోట, ఒక్కో చోట వింటూ పోయేవాడు. అంతసేపెందుకు నాన్నా అని తను అడిగింది, ఎనిమిదేళ్లప్పుడు, క్యారియరు తీసుకుపోయి. చూడకుండా చెప్తే ఇంకొకని డ్యూటీ పోతాదమ్మా అన్నాడు. అన్నం కలుపుకుంటూ మామూలుగా అన్నాడు. ఆయనకు అది నీతి కాదు, పని. చేతికి గ్రీజు, గ్రీజుకు కిరసనాయిలు వాసన, ఆ వాసన తనకిష్టం. ఆ మనిషి కూతురు తను, గ్రాఫు ఒకటి చూసి లేచింది.

తిమ్మన్న ఫోన్ చేసిన ఆ రోజే సాయంత్రం నాలుగింటికి కాల్. గంగాధర్ గారి గొంతు ఎప్పుడూ తొందరలోనే ఉంటుంది. సమాఖ్య వాళ్లు నిమిషానికోసారి ఫోన్ చేస్తున్నారు కృపా, ఒక్క ముక్కలో చెప్పు, మెషీనా, మనం రాసిందా? ఒక్క ముక్కలో. మనం రాసిందే సార్, క్వెరీ. ఎవరు రాశారు? అది రికార్డులో ఉంది, తను చెప్పకపోయినా తెలుస్తుంది, అయినా అడిగితే చెప్పింది. రిపోర్టులో నాలుగు లైన్లు రాసింది, మూల కారణం అని పెట్టి, డిస్కు సామర్థ్యం పరిశీలించబడినది, లోపం లేదు, అని. పరిశీలించబడినది. ఎవరి చేత? ఆ మాటకు మనిషి ఉండడు, అందుకే ఆ మాట వాడతారు. తిమ్మన్నకు కాపీ పంపింది. అతని నుంచి ఒక్క అక్షరం వచ్చింది, సరే అని కూడా కాదు, ఓకే అనడానికి ఇంగ్లీషులో ఉత్త కే.

మర్నాడు వీడియో వచ్చింది. ఎవరో ఫోనులో తీసి వాట్సాప్‌లో తిప్పారు. సెంటర్ ముందర ఎండలో జనం, కాటా బల్ల మీదికి ఎక్కి నిలబడ్డ తిమ్మన్న, చొక్కా వీపు తడిసిపోయి. ఎదురుగా ఒక ఆమె, నడి వయసు, పచ్చ చీర కొంగు నడుముకు చుట్టి, వేలు చూపించి అరుస్తోంది. పక్కవాళ్లు మారెక్కా, మారెక్కా, ఊరుకో అంటున్నారు. "మూడు దినాలాయె ఈడ పడుండి. తడి ఆరిపోతాంది. నీ పెట్టెలో ఏముండాదో నాకెందుకప్పా, నాకు గింజలియ్యి." తిమ్మన్న చేతులు జోడించాడు. "తప్పు నాదేమ్మా. నేను రాసింది సరిగ్గా ల్యా. సరిచేస్తాండా." గాలికి మాట సగమే వినపడింది, అయినా వినపడింది. తన రిపోర్టులోని వాక్యం తీసుకుపోయి, తన భాషలోకి మార్చి, ఎండలో నిలబడి చెప్పాడు. ఆ వీడియోను ఆమె రెండుసార్లు చూసి ఫోను బోర్లా పెట్టేసింది.

క్వెరీ తిరగరాశాడు. రెండు రోజులు నిద్ర లేకుండా రాశాడు. ఏమీ మారలేదు, తొమ్మిదిన్నరకు అదే నత్తనడక. ఇంకా ఎక్కడో ఉంది అతని తప్పు అనుకున్నారు అందరూ. తర్వాత క్యూలు వాటంతటవే తగ్గిపోయాయి, తడి ఆరాక విత్తనంతో ఎవరికీ పని లేదు. జూలైలో తిమ్మన్న కాంట్రాక్టు పొడిగించలేదు. గంగాధర్ గారు ముందే చెప్పాడు, నువ్వేమంటావు కృపా అని. నేనేమంటాను సార్, అంది. ఆ మాటను ఎన్ని రకాలుగా పలకొచ్చో, వద్దు అన్నట్టు పలకొచ్చు, ఆమె మాత్రం భుజాలు ఎగరేసినట్టు పలికింది.

ఆగస్టులో పాత లెక్కలన్నీ ఐదేళ్లు దాచాలని సమాఖ్య అడిగింది, చోటు చాలక డిస్కును నాలుగు రెట్లు పెద్దది చేశారు. పెద్ద డిస్కు మామూలు నడకే చిన్నదాని పరుగంత. జూన్ లెక్కలు సరిచూడ్డానికి రోజూ అదే క్వెరీని మళ్లీ నడిపిస్తున్నారు, ఆ మధ్యాహ్నం నుంచి దాని నత్తనడక మాయమైంది. తిమ్మన్న క్వెరీ అదే, పట్టిక అదే, పేర్లు అవే. గ్రాఫు ముందు కూర్చున్న కృపాకుమారికి అప్పుడే తెలిసింది. లెక్క వేసి తెలుసుకోలేదు, వెన్నులో తెలిసింది, చల్లగా. ఫోన్ తీసింది. తిమ్మన్న పేరు దాకా పోయింది. ఏం చెప్పాలి, పండగ దగ్గరికొచ్చింది, పండగ కాగానే చెబుదాం. క్రిస్మస్ అయింది, ఈస్టర్ అయింది. ఒక నెల ఆలస్యమైన మాటను చెప్పడానికి ధైర్యం కావాలి, ఆరు నెలలు ఆలస్యమైన దానికి కారణం కూడా కావాలి. ఆ కారణం దొరకలేదు. తెలిసిందని ఒప్పుకుంటే తెలిసీ ఊరుకున్నానని ఒప్పుకోవాలి. ఊరుకోవడం రోజూ కొంచెం కొంచెం పెరిగింది, అంత చిన్నగా పెరిగేదాన్ని ఎవరు గమనిస్తారు.

రైలు గుత్తిలో ఆగింది. ఇక్కడ దిగిపోవచ్చు. ఎదుటి ప్లాట్‌ఫాం మీద గుంతకల్లు వైపు పోయే బండి నిలబడి ఉంది, ఎక్కితే ఒంటిగంటకు ఇంట్లో ఉంటుంది. పిల్లలు బడి నుంచి రాకముందే. కోట మీద ఎండ తెల్లగా కాలుతోంది. మజ్జిగ ప్యాకెట్లమ్మే మనిషి కిటికీ దగ్గర ఆగి, వద్దంటే, పోనీ నీళ్లన్నా తీసుకో అక్కా అన్నాడు, అక్కా అనే మాట తగిలింది. ఆమె లేచి నిలబడింది. బ్యాగు భుజానికేసుకుంది. "నీ ఊరు ఇంకా రాలేదు గదమ్మా," అంది లక్ష్మీదేవి. కూర్చుంది.

పోయిన సోమవారం జరగకపోయి ఉంటే ఇంకా ఊరుకునే ఉండేది, అది తనకు తెలుసు. కొత్త పని, వేరే రాష్ట్రంలో పాల సేకరణ డేటాబేసు. ప్రణీత్ అని హైదరాబాద్ ఇంజనీరు కాల్‌లో చెప్పాడు, పొద్దున బాగుంటుంది మేడం, గంట లోపల చచ్చిపోతుంది, క్వెరీలే అనుకుంటున్నాం. ఆమె నోరు దానంతటదే చెప్పింది, క్వెరీలు వదిలెయ్, డిస్కు ఎంత సైజు, పరుగు ఎంతసేపు ఇస్తుంది, ఒక్కో రీడ్‌కు పట్టే టైము నిమిషాల వారీగా తియ్, సగటు తియ్యొద్దు, సగటు అన్నీ మింగేస్తుంది. ఆపైన మెషీన్ సైజును బట్టి డిస్కు వేగానికి ఇంకో హద్దు ఉంటుంది, అదీ చూడు. ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. భలే పట్టేశారు మేడం, ఎక్కడ నేర్చుకున్నారు అన్నాడు ప్రణీత్.

ఎక్కడ నేర్చుకుంది.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని లేచిపోయి, పాత టికెట్టు తెరిచింది. అడుగున తిమ్మన్న తగిలించిన ఫైలు. ఇంతవరకూ ఎవరూ తెరవలేదని పక్కనే సున్నా చూపిస్తోంది. తెరిచింది. ఉత్త అక్షరాలు, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు, నిమిషానికొక వరుస. తొమ్మిదీ ఐదు, రీడ్‌కు నాలుగు మిల్లీసెకన్లు. తొమ్మిదీ పది, నాలుగు. తొమ్మిదీ ఇరవై తొమ్మిది, ఐదు. తొమ్మిదీ ముప్పై, ఐదు. తొమ్మిదీ ముప్పై ఒకటి, నూట తొంభై. అట్లా మూడు రోజుల వరుసలు, మూడు రోజులూ ముప్పై ఒకటి దగ్గరే విరిగిపోయాయి. చివర రాశాడు, మూడు దినాలూ ఒకే నిమిషానికి పడిపోతాందంటే ఇది క్వెరీ కాదేమో అక్కా, తెలిసినోళ్లను అడుగుదామా. అక్కా అని ఫైలులో రాశాడు, టికెట్టులో ఎవరైనా చూస్తారని కూడా అనుకోలేదు. ఆమె ఒక్కతే చదువుతుందనుకున్నాడు.

ఆ సాయంత్రమే కొత్త రిపోర్టు రాసింది. పరిశీలించబడినది అనలేదు, నేను చూడలేదు అని రాసింది, డిస్కు ఎంచింది నేను అని రాసింది, ఆగస్టు తేదీ రాసింది. గంగాధర్ గారు రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, ఇప్పుడెందుకు కృపా ఇదంతా, అయిపోయింది కదా, అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అయిపోయింది అనే మాట ఎవరు అనాలి అని అడగాలనిపించి, అడగలేదు.

జక్కలచెరువు పోయింది. రాయి తెల్లబడింది, నాపరాళ్ల కుప్పలు, వాటి మీద ఎండ. మూడో వాక్యం, ఆ సంగతి నాకు రెండేళ్లుగా తెలుసు, పెదవుల మీదికి తెచ్చి గాలిలోకి అంది, లక్ష్మీదేవి విన్నదో లేదో. తిమ్మన్న అరుస్తాడు. అరిస్తే బాగుంటుంది. ఈ రెండేళ్లు అతను తన మీద పళ్లు కొరుకుతూనే ఉండి ఉంటాడు, అక్కా అక్కా అంటే నా కొంప తీసింది అని అందరితో చెప్పే ఉంటాడు. ఆ కోపానికి తల వంచుకోవడానికి సిద్ధమై పోతోంది. మెడ కూడా సిద్ధంగా ఉంది.

రాయలచెరువులో దిగి, షేర్ ఆటోలో యాడికి చేరి, బస్టాండు పక్కన అడిగితే చూపించారు. రేకుల షెడ్డు, గుమ్మం ముందు పొడుగాటి బోరు మోటార్లు వరుసగా పడుకోబెట్టి, లోపల వార్నిషు వాసన. తిమ్మన్న నేల మీద కూర్చుని ఒళ్లో మోటారు పెట్టుకుని తీగ చుడుతున్నాడు. గడ్డం నిజమే. తలెత్తి చూసి, ఒక నిమిషం పోల్చుకోలేక, "అక్కా!" అన్నాడు. పై పెదవి ఒకవైపు లేచింది. "ఏంది ఇట్లొచ్చినావు? రా, కూచో. బాలప్పా, జరుగు కొంచెం." స్టూలు మీద కూర్చున్న ముసలి రైతు లేచి చోటిచ్చాడు. లేస్తూనే ఆమెకు ఫిర్యాదు చేశాడు, "నువ్వన్నా చెప్పమ్మా ఈయప్పకు. పొద్దున్నుంచి నా మోటారు పని అయిపోయిందనే చెప్తాండాడు, మళ్ల కొలుస్తాండాడు. ఒకటికి మూడుసార్లు. ఆడ నా చీనీ చెట్లు ఎండిపోతాండాయి."

కృపాకుమారి కూర్చోలేదు. నిలబడే చెప్పింది, ముందు మొదటిది, తర్వాత రెండోది, ఊపిరి తీసుకోకుండా మూడోది. ఫైలు సంగతి చెప్పింది. సోమవారం తెరిచినానని, అంతకుముందు తెరవలేదని చెప్పింది. తిమ్మన్న చేతిలో తీగ ఆగిపోయింది. బాలప్ప ఇద్దరి ముఖాలూ చూసి, బీడీ తెచ్చుకుంటానని బయటికి పోయాడు. ఫ్యాను తిరుగుతోంది. ఆమె తల వంచుకుని అరుపు కోసం ఎదురుచూసింది.

"అయితే డిస్కేనా?" అన్నాడు తిమ్మన్న.

"డిస్కే. నువ్వు చెప్పినట్టే."

"నేను చెప్పింది నేనే మర్చిపోయినానక్కా." గొంతులో కోపం లేదు, అదే ఆమెకు అర్థం కాలేదు. "నువ్వు చెప్పినావు గదా, నిజమే అనుకున్యా. నా తప్పే అనుకున్యా. ఏడ తప్పు చేసినానో ఎంత ఎతికినా దొరకల్యా, దొరకల్యా అంటే నాకు ఆ తెలివి కూడా ల్యా అనుకున్యా. ఆ పనికి నేను పనికిరాననే ఇడిసిపెట్టింది." మీటరు తీగలు రెండూ చేతిలో తిప్పుకున్నాడు. "బాలప్ప చెప్పింది నిజమే. ఏ మోటారు చేసినా మూడుసార్లు కొలుస్తా. ఒకసారి కొలిస్తే నా కన్ను మీద నాకు నమ్మకం రాదు."

రెండేళ్లుగా ఆమె భయపడిన కోపం ఎప్పుడూ లేనేలేదు. అది ఉండి ఉంటే, అతను ఆమెను తిట్టుకుంటూ ఉండి ఉంటే, కనీసం అతని మీద అతనికి నమ్మకం మిగిలేది. తను తీసింది అతని ఉద్యోగం ఒక్కటే అనుకుంది ఇన్నాళ్లూ. స్టూలు మీద కూర్చుంది.

"కంపెనీకి రాసినా," అంది. "నీకూ కాపీ తెచ్చినా. నిన్ను తిరిగి పనిలోకి రమ్మని చెప్పడానికి రాలేదు, వాళ్లు పిలుస్తారో లేదో కూడా తెలీదు."

"నేను పోనక్కా." కాగితం తీసుకున్నాడు, చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఉరవకొండలో ఒకాయమ్మ ఉన్నింది, మారెక్క. తెల్సా?"

"వీడియోలో చూసినా."

"ఆ పొద్దు తర్వాత నేను వాళ్లూరికి పోయినా. నాలుగెకరాలు. విత్తనం అందేసరికి తడి ఆరిపోయింది, ఆ యేడు బీడు పెట్టింది. తప్పు నాదేమ్మా అని గడప కాడ నిలబడి చెప్పినా. ఏమీ అనల్యా ఆయమ్మ, లోపలికి పిలిచి సంగటి పెట్టింది. ఇప్పుడు నేను మళ్ల పోయి, నాది కాదంట అని చెప్పల్నా?"

"నేను పోతా," అంది కృపాకుమారి. అంటున్నప్పుడే, రైలులో కుదుర్చుకున్న మూడు వాక్యాల్లో ఈ మనిషికి చెప్పదగింది ఒక్కటీ లేదని తెలిసింది. డిస్కు, పరుగు, నడక, గ్రాఫు. "ఏమని చెప్పాల తిమ్మన్నా?"

తిమ్మన్న బాలప్ప మోటారును ఒళ్లోకి లాక్కున్నాడు. తీగ కొసలకు మీటరు ఆనించాడు, ముల్లు లేచి నిలబడింది.

"ఆయమ్మకు డిస్కులూ అవీ తెలీవు," అన్నాడు. "చూడకుండా చెప్పినానని చెప్పు. అది తెలుస్తాది."

ముల్లు నిలబడిన చోట అంకె చదివాడు. కొసలు తీశాడు, తుడిచాడు, మళ్లీ ఆనించాడు.